సెల్లారులో సరుకు, సందులో కారు

రన్‌వే మీద ఎక్కడ ప్రమాదం జరిగినా అగ్నిమాపక బండి మూడు నిమిషాలు దాటకుండా అక్కడికి చేరాలి, వీలైతే రెండు నిమిషాల్లోనే. వాతావరణం, నేల బాగున్నప్పుడు ప్రపంచంలోని విమానాశ్రయాలన్నిటికీ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన లెక్క ఇది. 2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయంలో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఎక్కడికైనా ఆ గడువులో చేరాలంటే దారిలో ఒక్క సామాను బండి కూడా అడ్డం ఉండకూడదు. ఉండదు కూడా. అక్కడ బండి ఎక్కడ నిలపాలో నేల మీద గీతలు గీసి ఉంటాయి. గీత దాటితే జరిమానాతో పోదు, డ్యూటీ పాసు మీదికే వస్తుంది.

కంచె దాటితే లెక్క మారిపోతుంది. దేశంలో అగ్నిమాపక ప్రమాణాలు సూచించే స్థాయీ సలహా మండలి పట్టణాలకు పెట్టిన గడువు అయిదు నుంచి ఏడు నిమిషాలు, పల్లెలకు ఇరవై. శంషాబాద్ పక్కనున్న తొండుపల్లి లాంటి ఊరు ఏ లెక్కలోకి వస్తుందో చెప్పడమే కష్టం. ఒకవైపు బెంగళూరు జాతీయ రహదారి, ఇంకోవైపు ఔటర్ రింగు రోడ్డు టోల్ గేటు, మధ్యలో పాత ఊరు, చుట్టూ వెంచర్లు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా ఔటర్ మొదటి ముక్క 2008లో తెరుచుకున్నాక ఇక్కడి భూమి ధరే కాదు, రోడ్డు పక్కన ఆగే బండ్ల రకం కూడా మారింది. విమానం దిగేవాళ్ల కోసం కాచుకునే క్యాబులు, సరుకు దింపే వేళ కోసం చూసే లారీలు, ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల ముందు రెండు వరుసల కార్లు, వాటి మధ్యలో బారాత్.

రోడ్డు పక్కన నిలిపిన లారీ అంటే ఈ ఊరికి ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. 2019 నవంబరు 27 రాత్రి ఇక్కడి టోల్ గేటు దగ్గర ఒక యువతిపై జరిగిన అత్యాచారం, హత్య కేసులో నిందితులు అక్కడ లారీ ఆపుకుని ఉన్నవాళ్లే. ఆ తర్వాత ఔటర్ వెంబడి లారీలు ఆపడం మీద పోలీసులు గట్టిగా కన్నేశారు. అప్పటి చర్చ అంతా ఆడవాళ్ల భద్రత చుట్టూ సాగింది, సాగాల్సిందే. అడ్డదిడ్డంగా నిలిపిన బండి అంబులెన్సునూ ఫైరింజన్‌నూ ఆపుతుందన్న సంగతి మాత్రం పక్కకు పోయింది.

అసలు ఒక సందులో ఎంత చోటు మిగులుతుంది? కొలిచి చూస్తే సగం వాదన అక్కడే తేలిపోతుంది. మన కాలనీల్లో ఎక్కువగా వినబడేది ఇరవై ఫీట్ల రోడ్డు. అంటే సుమారు 6.1 మీటర్లు. మామూలు కారు వెడల్పు ఒకటి ముప్పావు మీటరు. గోడకు కారుకు మధ్య జానెడు సందు వదిలితే ఒక్కో వైపు రెండు మీటర్లు పోయినట్టే. రెండు వైపులా నిలిపితే మధ్యలో మిగిలేది రెండు మీటర్ల పైచిలుకు. నీళ్లు మోసే ఫైరింజన్ వెడల్పు రెండున్నర మీటర్లు. అంబులెన్సు అద్దాలు మూసుకుని ఎలాగో దూరుతుందేమో గానీ ఫైరింజన్ దూరదు. అదే ఒకవైపే కార్లుంటే నాలుగు మీటర్లు మిగులుతాయి, బండి నింపాదిగా వెళ్తుంది.

ఇది కాగితం మీద ఇరవై ఫీట్లు. నేల మీద అంత ఉండదు. గేటు ముందు ర్యాంపు మూడడుగులు ముందుకు వస్తుంది. దాని పక్కన తులసి కోట, లేదా జనరేటర్, లేదా రోడ్డెక్కిన మెట్టు. కరెంటు స్తంభం ఒకటి. ర్యాంపు ఉంది కాబట్టి కారు దాని అంచు నుంచి ఇంకా ఇవతలికి జరుగుతుంది. ముప్ఫై ఫీట్ల రోడ్డులో ఈ బాధ తక్కువనుకుంటారు. రెండు వైపులా కార్లున్నా ఫైరింజన్ వెళ్లిపోతుంది, నిజమే. కానీ వెళ్లడం వేరు, పని చేయడం వేరు. తలుపులు తెరవాలి, హోసు పైపులు దించి పరచాలి, నిచ్చెన బండి అయితే నాలుగు వైపులా జాకీలు చాపి నిలబడాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాటించే అగ్నిమాపక నియమావళి ఫైరింజన్ దారికి ఇరవై అడుగులు ఏ అడ్డూ లేకుండా వదలమంటుంది. మన ఇరవై ఫీట్ల రోడ్డు గోడ నుంచి గోడకు ఎంతో, అక్కడ ఖాళీగా వదలాల్సిన దారి అంత.

ఇంతకన్నా పెద్ద గండం మలుపు. భారీ బండి తిరగడానికి తొమ్మిది మీటర్ల వ్యాసార్థం ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. టర్నింగులో ఎవరో ఒక్క కారు పెట్టారంటే ఆ సందే కాదు, దాని వెనక ఉన్న రెండు మూడు సందులు కూడా మూతపడ్డట్టే. కాలనీలో చూడండి, అందరికీ ఇష్టమైన పార్కింగు చోటు ఆ మూలే. అక్కడ ఎవరి గేటూ ఉండదు, అడిగేవాడూ ఉండడు.

చట్టం లేదా అంటే, బోలెడుంది. 1989 నాటి కేంద్ర రహదారి నియమాలే కూడలి దగ్గర, మలుపు దగ్గర, ఆసుపత్రి ద్వారం ముందు, అగ్నిమాపక నీటి గొట్టానికి అడ్డంగా, నిలిపి ఉన్న మరో బండికి ఎదురుగా బండి పెట్టకూడదని రాశాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నియమాలు వచ్చాయి. ‘ఎదురుగా పెట్టకూడదు’ అన్న ఆ పాత మాట ఒక్కటి పాటించి ఉంటే మన ఇరవై ఫీట్ల సందులన్నీ ఇవాళ తెరిచే ఉండేవి.

శిక్షల దగ్గరికి వస్తే విడ్డూరం కనబడుతుంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 194-ఇ సెక్షను చేరింది. ఫైరింజన్‌కో అంబులెన్సుకో దారి ఇవ్వనివారికి ఆరు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. చదవడానికి గట్టిగానే ఉంది. కానీ అది బండి నడుపుతూ పక్కకు తప్పుకోనివారి గురించి. రాత్రంతా సందుకు అడ్డంగా కారు పెట్టి నిద్రపోయినవారికి అది వర్తించదు. వారికి పడేది నో పార్కింగ్ చలానా, కొన్ని వందల రూపాయలు. కదిలే బండి అర నిమిషం ఆపితే పది వేలు, కదలని బండి గంటలు ఆపితే వందలు!

బండి ఎత్తుకుపోయే అధికారం 127వ సెక్షనులో ఉంది. పది గంటలకు మించి వదిలేసినా, నిషేధించిన చోట నిలిపినా, ప్రమాదకరంగా ఉన్నా తొలగించవచ్చు. అయితే అనుమతి ఇవ్వాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు. మంట దగ్గరికి ముందు వచ్చేది ఫైరింజన్. క్రేన్ వచ్చేది తర్వాత, అదీ వస్తే. టోయింగ్ బండ్లు మామూలుగా తిరిగేది దుకాణాలున్న పెద్ద రోడ్ల మీద. కాలనీ సందులోకి అది రాదు, వచ్చినా తిరగలేదు.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. ఈ మధ్య హైదరాబాద్‌లో ప్రాణాలు తీసిన పెద్ద అగ్నిప్రమాదాలను వరసగా చూస్తే, రోడ్డు మీద నిలిపిన కార్లే అన్నిటికీ కారణమని ఎవరూ అనలేరు. చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న ఒకే ఇంట్లో 17 మంది చనిపోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఉదయం 6:16కి ఫోన్ వచ్చిందనీ, మొఘల్‌పురా కేంద్రం నుంచి బండి వెంటనే బయల్దేరిందనీ అగ్నిమాపక శాఖ చెప్పింది. బండి ఆగింది ఇంటి ముందే. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు, మధ్యలో రెండు మీటర్ల వెడల్పున సొరంగం లాంటి దారి, ఆ పైన మీటరు వెడల్పు మెట్లు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక పోయిన ఆరుగురూ పాతికేళ్ల లోపు పిల్లలే. ఆ భవనం ఉన్నది సందులో కాదు, నగరం నడిబొడ్డున.

మరి పార్కింగు మాట ఎందుకు? మరో రెండు ప్రమాదాలు చూస్తే అర్థమవుతుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో రూబీ లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది చనిపోయారు. మంట మొదలైంది కింది భాగంలో, ఎలక్ట్రిక్ స్కూటర్ల వ్యాపారం నడుస్తున్న చోట. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్ అపార్టుమెంటులో పై అంతస్తుల్లో కాపురముంటున్న తొమ్మిది మంది పోయారు. కార్లుండాల్సిన కింది అంతస్తులో ఉన్నవి రసాయనాల డ్రమ్ములు. అంటే కార్ల కోసం ప్లానులో చూపించిన చోటు గోదామో దుకాణమో అవుతుంది. కార్లు బయటికి వచ్చి సందు మూస్తాయి. లోపల నిప్పు రాజుకుంటే పొగ నేరుగా మెట్ల గుండా పైకి పోతుంది, ఎందుకంటే మెట్లు మొదలయ్యేది ఆ సెల్లారు పక్కనే. సందులో కారు, సెల్లారులో సరుకు రెండు వేరు వేరు ఫైళ్లుగా నడుస్తున్నాయి గానీ, ఉన్నది ఒకటే సమస్య. ఒక దాన్ని మున్సిపాలిటీ చూస్తుంది, ఇంకోదాన్ని ట్రాఫిక్ పోలీసు చూస్తాడు, రెండిటి ఫలితాన్ని ఫైర్‌మన్ చూస్తాడు.

2012 ఏప్రిల్ నాటి భవన నిర్మాణ నియమాల్లో, 168వ నంబరు జీవోలో, దీనికి ఒక పట్టు ఉంది. కట్టే ముందే పది శాతం భాగాన్ని స్థానిక సంస్థకు తనఖా పెట్టాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే విడుదల. ఆ సర్టిఫికెట్ చేతికొచ్చే దాకా స్టిల్ట్ ఫ్లోరు అద్దంలా ఉంటుంది. తర్వాత అడిగేదెవరు? అగ్నిమాపక శాఖ అడగదామంటే, 1999 నాటి చట్టం ప్రకారం దాని అనుమతి కావాల్సింది 18 మీటర్లు, ఆపై ఎత్తున్న నివాస భవనాలకు, 15 మీటర్లు దాటిన వ్యాపార భవనాలకు, జనం గుమిగూడే సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటివాటికి. తొండుపల్లి చుట్టూ లేచే స్టిల్ట్ ప్లస్ నాలుగు, స్టిల్ట్ ప్లస్ అయిదు ఇళ్లు చాలావరకు ఆ గీతకు కాస్త కిందనే ఆగుతాయి. అలా ఆగడం యాదృచ్ఛికం కాదని బిల్డర్లకూ తెలుసు, శాఖకూ తెలుసు.

ఈ లోపలి అడ్డం, బయటి అడ్డం కలిసి ఏం చేస్తాయో దక్షిణ కొరియా బాగా చూసింది. జెచాన్ పట్టణంలో 2017 డిసెంబరు 21న ఎనిమిది అంతస్తుల వ్యాయామశాల భవనం తగలబడి 29 మంది చనిపోయారు. దారిలో అడ్డదిడ్డంగా పెట్టిన కార్ల వల్ల నిచ్చెన బండి భవనం దగ్గరికి సకాలంలో రాలేకపోయింది. చనిపోయినవారిలో ఎక్కువమంది రెండో అంతస్తు స్త్రీల స్నానశాలలో ఉన్నవారు. అక్కడి అత్యవసర ద్వారం ముందు సామాను అల్మారాలు పెట్టి మూసేశారు. దేశం భగ్గుమంది. సుమారు ఆరు నెలలకే, 2018 జూన్ చివరి నుంచి, అక్రమంగా నిలిపిన కారును అగ్నిమాపక సిబ్బంది గుద్ది నెట్టినా, పగలగొట్టినా పరిహారం ఇవ్వనక్కర్లేదని చట్టం మారింది. బ్రిటన్‌లో 2004 చట్టమే యజమాని అనుమతి లేకుండా బండిని జరిపే, తెరిచే అధికారం ఫైర్‌మన్‌కు ఇచ్చేసింది.

అయితే కొరియాలోనూ ఆ అధికారాన్ని వాడింది అరుదు. కారు గుద్దితే ఫైరింజన్ కూడా దెబ్బతింటుంది, కేసులు, ఫిర్యాదులు వెంట వస్తాయి. మన దగ్గర అలాంటి చట్టం రావాలని కోరేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అయినా రావడం మంచిదే. కనీసం డ్రైవరు స్టీరింగు పట్టుకుని ‘ఎవరి కారో ఏమో’ అని జంకకుండా ఉంటాడు.

జపాన్ ఇంకో కొస నుంచి పట్టుకుంది. 1962 చట్టం ప్రకారం కారు రిజిస్టర్ కావాలంటే దాన్ని నిలపడానికి చోటుందని పోలీసుల నుంచి పత్రం తేవాలి. రాత్రిళ్లు వీధిలో వదిలేయడం కుదరదు. ఈ ఆలోచన మన దేశంలోనూ అప్పుడప్పుడు తల ఎత్తుతుంది, కర్ణాటక, మహారాష్ట్రల్లో చర్చకు వచ్చింది, వాహన కంపెనీల పేరు వినగానే తల దించుతుంది. మన పరిస్థితిలో దీన్ని ఉన్నపళంగా పెడితే దెబ్బ తగిలేది విమానాశ్రయానికి క్యాబు నడుపుకుంటూ అద్దె గదిలో ఉండే మనిషికి. సెల్లారును దుకాణాలకు అద్దెకిచ్చిన యజమానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. కాబట్టి వరస మారాలి. ముందు సెల్లార్లు ఖాళీ చేయించాలి, తర్వాత కారు యజమానిని నిలదీయాలి.

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు 2022 అక్టోబరు 3న ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు. పాదచారులకు అడ్డంగా బండి పెడితే 600, ఫ్రీ లెఫ్ట్‌కు అడ్డమొస్తే 1,000 రూపాయలు జరిమానా అన్నారు. పెద్ద కూడళ్లలో కొంత తేడా కనబడింది. కానీ ఆ ఊపు కాలనీల దాకా రాలేదు. కాలనీల్లో నడిచే ఏర్పాటు వేరు. కారు అద్దం వెనక ఫోన్ నంబరు రాసిన చీటీ, హ్యాండ్‌బ్రేకు దించి న్యూట్రల్‌లో పెట్టిన బండి. అవసరమైతే వాచ్‌మన్ తోసేస్తాడు. పగటిపూట ఇది పని చేస్తుంది. రాత్రి రెండింటికి ఫోన్ సైలెంట్‌లో ఉంటుంది. పైగా ఇప్పటి కార్లలో బ్రేకు కరెంటుతో పడుతుంది, ఆటోమేటిక్ గేర్లు, నలుగురు తోసినా అంగుళం కదలదు. పాత మర్యాద కొత్త కార్లకు చాలదు.

దారి దొరకదని తెలిసి సేవలే చిన్నవవుతున్న ధోరణి ఇంకోటి. బుల్లెట్ మోటారు సైకిలుకు నీటి తుంపర పరికరం కట్టిన మిస్ట్ బుల్లెట్లు అగ్నిమాపక శాఖ దగ్గరున్నాయి. 2005లో 108 పుట్టిన ఊరు హైదరాబాదే. అదే నగరంలో 2017లో బైకు అంబులెన్సులు కూడా వచ్చాయి. 2025 జనవరి 17న దాత గుండెను ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మెట్రో రైల్లో 13 నిమిషాల్లో చేర్చారు. 2021 ఫిబ్రవరిలోనూ ఒకసారి ఇలాగే నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ వైపు తీసుకెళ్లారు. మెచ్చుకోవలసిన పనులే. కానీ మోటారు సైకిలు మీద వచ్చే తుంపర మొదటి అయిదు నిమిషాల మంటకు సరిపోతుంది, నాలుగో అంతస్తులో చిక్కుకున్న ముసలమ్మను దించలేదు.

తొండుపల్లికి మరో కోణం కూడా ఉంది. విమానాశ్రయాల చుట్టూ, రన్‌వే కొసల నుంచి కిలోమీటరు దాకా అత్యవసర బండ్లు చేరే దారులుండాలని అంతర్జాతీయ నియమాలు సిఫారసు చేస్తాయి. ప్రమాదం కంచె లోపలే జరగాలని లేదు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లేచిన విమానం నిమిషం గడవక ముందే కూలింది కంచె బయట, వైద్య విద్యార్థుల హాస్టలు మీద. 260 మంది చనిపోయారు, వారిలో 19 మంది నేల మీద ఉన్నవారు. అలాంటి వేళ మూడు నిమిషాల లెక్కతో తయారైన బండ్లే ఊరి సందుల్లోకి రావాలి. అవి మామూలు ఫైరింజన్ కన్నా వెడల్పు, బరువు ఎక్కువ.

ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, డబ్బు పెద్దగా అక్కర్లేనివి. మొదటిది టర్నింగులు: ప్రతి మలుపుకు రెండు వైపులా పసుపు గీత, అక్కడ రాత్రి పగలు ఎవరూ బండి పెట్టకుండా. రెండోది ఇరవై ఫీట్ల రోడ్లలో ఒకవైపే పార్కింగు, కావాలంటే నెలకో వైపు మార్చుకుంటూ. నిషేధం అన్నిచోట్లా పెడితే ఎవరూ పాటించరు. సగం వదిలితే ఆ సగాన్ని పొరుగువాళ్లే కాపాడుకుంటారు. ర్యాంపులు గేటు లోపలికి జరగాలి, దీనికి మాత్రం కొంత గొడవ తప్పదు. ఏడాదికోసారైనా స్థానిక కేంద్రం ఫైరింజన్‌ను ప్రతి కాలనీలో ఒక చుట్టు తిప్పాలి. ఎక్కడ ఇరుక్కుంటే అక్కడే అందరి ముందు కొలత వేసి గీత గీయాలి. పది నోటీసులకన్నా ఆ ఒక్క చుట్టు ఎక్కువ చెబుతుంది.

శంషాబాద్ మున్సిపాలిటీ ఏర్పడింది 2018లో. 2025 డిసెంబరులో అది సహా 27 పట్టణ సంస్థలను జీహెచ్ఎంసీలో కలిపేశారు. ఔటర్ దాకా విపత్తుల పని 2024 జులైలో పుట్టిన హైడ్రా చేతిలో ఉంది. ఫంక్షన్ హాలుకు అనుమతి కాగితం అగ్నిమాపక శాఖది, దాని ముందు రోడ్డు పోలీసులది, పార్కింగు చోటు చూపించిన ప్లాను పట్టణ ప్రణాళిక విభాగానిది. మాఘ మాసపు ముహూర్తం నాటి రాత్రి సర్వీసు రోడ్డు మీద రెండో వరసలో కారు పెట్టిన చుట్టానికి వీటిలో ఏ శాఖా కనబడదు, కనబడేది హాలు మేనేజరు ఒక్కడే. చుట్టాల కార్లన్నీ హాలు ఆవరణలోనే పట్టాలన్న షరతును ఆ మేనేజరు సంతకంతో అనుమతి కాగితంలోకి ఎక్కించి, తప్పితే ఆ సీజనుకు హాలు మూయించే అధికారం ఎవరో ఒకరికి ఇస్తే, వచ్చే ముహూర్తాలకే సర్వీసు రోడ్డు తెరుచుకుంటుంది.